ముందు కూర్చోవలసింది అమ్మానాన్నలే

కుదురుగా ఉండని పిల్లాడికి ధ్యానం నేర్పాలనుకుంటే ముందు ఒక మాట: అలాంటి పిల్లలందరికీ ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతిగా కదలడం, తొందరపాటు ఉండే సమస్య) ఉన్నట్టు కాదు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనబడితేనే డాక్టర్లు ఆ మాట అంటారు. చూపు, వినికిడి, నిద్ర, రక్తహీనత ముందే పరీక్షించాలి. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ధ్యానం కంటే ముందు అక్కడికి వెళ్లడం మేలు.

2004లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి 6 వారాలు ధ్యానం చేశారు. పిల్లలు మెరుగయ్యారని తల్లిదండ్రులు చెప్పారు. చెప్పినవాళ్లూ ధ్యానం చేసినవాళ్లే కాబట్టి, ఆ మాటను కొంత తగ్గించుకునే చదవాలి. అయినా పెద్దవాళ్లను కలుపుకోవడం సరైన పనే. ఏడీహెచ్‌డీ వంశంలో నడిచేది. అదే తొందర, అదే మతిమరుపు నాన్నకో అమ్మకో కూడా ఉండొచ్చు. అరిచే ముందు ఒక్క శ్వాస ఆగడం వాళ్లకు అలవాటైతే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

అనంతపురం ఇళ్లలో ఈ ధ్యానానికి కావలసిన వస్తువుకు కొదవ లేదు. పావుకిలో శెనక్కాయలు గుడ్డలో మూటగట్టండి. పిల్లాణ్ణి చాపమీద వెల్లకిలా పడుకోబెట్టి, మూట పొట్టమీద పెట్టండి. ఊపిరి పీలిస్తే మూట లేస్తుంది, వదిలితే దిగుతుంది. కళ్లు తెరిచే ఉండొచ్చు; మూసుకోమంటే కొందరు ఇంకా కదులుతారు. అయిదు శ్వాసలు లెక్కపెట్టి, మళ్లీ ఒకటి నుంచి. 7, 8 ఏళ్ల పిల్లలకు మొదటి వారం రెండు నిమిషాలు చాలు. పక్కనే అమ్మో నాన్నో తమ మూటతో పడుకోవాలి, ఫోన్ ఇంకో గదిలో ఉండాలి.

లెక్క తప్పుతుంది. తప్పాలి కూడా. మనసు ఎటో పోయిందని తెలిసి తిరిగి మూటమీదికి రావడమే అసలు సాధన. "కదలొద్దురా" అని గద్దిస్తే అక్కడితో అది పోతుంది. అల్లరికి శిక్షగా చేయించినా అంతే, మరుసటి రోజు మూట చూడగానే పారిపోతాడు. బడి నుంచి వచ్చి బొరుగులు తిన్నాక, హోంవర్కుకు ముందు మంచి వేళ. మే నెల మధ్యాహ్నం మాత్రం వద్దు. ఆ ఉక్కలో పెద్దవాళ్లకే ఓపిక ఉండదు. అవ్వాతాతలు ఉంటే ముందే చెప్పండి, మధ్యలో "పక్కింటోడు చూడు ఎంత బుద్ధిగా ఉన్నాడో" అనకుండా.

ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు వాడుతుంటే, డాక్టరును అడగకుండా ఆపకండి. వేసవి సెలవుల్లో అలవాటు తప్పితే, జూన్‌లో బడి తెరిచాక మళ్లీ రెండు నిమిషాల నుంచే మొదలుపెట్టండి.