ఆ పుస్తకం ఇంట్లో ఉంటే లోపలేస్తారా? అపోహలు, వాస్తవాలు

పోయిన మంగళవారం కోర్టు లంచ్ టైంలో ఫోన్ వచ్చింది. గాజువాక నుంచి ఒకావిడ. పక్క గదిలో ఎవరో ఉన్నట్టు గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు. "అమ్మా, మా అమ్మాయి బ్యాగులో ఒక పుస్తకం కనబడింది. ఇద్దరాడవాళ్లు కలిసి బతకడం గురించట. పోలీసులకి తెలిస్తే పిల్లని లోపలేస్తారా? కాల్చేస్తే సరిపోతుందా?"

విశాఖ కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా క్రిమినల్, కుటుంబ కేసులు చూస్తున్నాను. ఈ ప్రశ్న నెలకి ఒకసారైనా ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు నిజంగా భయపడి ఉంటారు. ఆ భయాన్ని పెంచే వాట్సాప్ మెసేజులు, యూట్యూబ్ వీడియోలు చూస్తేనే ఒళ్లు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎవరో పోల్చుకోకుండా వివరాలు మార్చాను.

అపోహ: లైంగికత మీద, స్వలింగ సంబంధాల మీద, పెళ్లి కాకుండా కలిసి ఉండడం మీద రాసిన పుస్తకం ఇంట్లో ఉంటే నేరం.

కాదు. మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్లు తాము చదువుకోవడానికి పుస్తకం కొనుక్కుని ఇంట్లో పెట్టుకుంటే అది నేరం కాదు.

అందరూ భయపడే సెక్షన్ ఒకప్పుడు ఐపీసీలో, అంటే పాత శిక్షాస్మృతిలో, 292. 2024 జులై 1 నుంచి అది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 294 అయింది. అందులో ఉన్న మాటలు ఇవి: అమ్మడం, అద్దెకివ్వడం, పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం, చలామణిలో పెట్టడం. దగ్గర ఉంచుకోవడం అన్న మాట కూడా ఉంది కానీ, ఈ పనుల కోసం ఉంచుకుంటేనే అది వర్తిస్తుంది. చదువుకోవడానికి ఉంచుకుంటే అని ఎక్కడా లేదు. పైగా ఆ పుస్తకం అశ్లీలమైనదై ఉండాలి. లైంగికత గురించి మాట్లాడడం వేరు, అశ్లీలం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం గొడవ మొదలవుతుంది. సైన్సు, సాహిత్యం, కళ, విద్య కోసం ప్రజలకు మేలు చేసే ప్రచురణ అయితే ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. పాత గుళ్ల మీది శిల్పాలకూ అక్కడే మినహాయింపు ఇచ్చారు.

అశ్లీలాన్ని కొలిచే పద్ధతి కూడా మారింది. 1964లో సుప్రీంకోర్టు బొంబాయిలో ఒక ఇంగ్లిష్ నవల అమ్మిన షాపు యజమానికి పడిన శిక్షను ఖాయం చేసింది. అప్పటి కొలత ఇంగ్లండులో పంతొమ్మిదో శతాబ్దం నాటిది. 2014లో అవీక్ సర్కార్ కేసులో అదే సుప్రీంకోర్టు ఆ కొలతను పక్కన పెట్టింది. రచన మొత్తాన్ని చూడాలి, ఈ కాలపు సమాజం కళ్లతో చూడాలి అంది. ఒక పేజీ చించి చూపించి "ఇదిగో బూతు" అంటే సరిపోదు. ఒక్క మాట, పుస్తకాల షాపు నడిపేవాళ్లకు మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆ సెక్షన్ అమ్మేవాళ్ల కోసమే రాశారు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ అపోహ ఖరీదు నేను కళ్లారా చూశాను.

రెండేళ్ల క్రితం వర్షాకాలంలో ఒక కుర్రాడు వచ్చాడు. రుషికొండ వైపు ఏదో ఆఫీసులో ఉద్యోగం, మద్దిలపాలెంలో ముగ్గురితో కలిసి గది. కూర్చోమన్నా చాలాసేపు కూర్చోలేదు. చివరికి బ్యాగులోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. అట్ట కనబడకుండా పాత తెలుగు క్యాలెండర్ కాగితం చుట్టి, అంచులు టేపుతో అంటించాడు. తిథులు, రాహుకాలాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. లోపల అక్కడక్కడా పెన్సిల్ గీతలు. ఒక పేజీ పక్కన చిన్న అక్షరాలతో "నాలాగే" అని రాసుకున్నాడు.

గదిలో ఉండే ఒకడు ఆ పేజీని ఫోటో తీశాడు. "ఇది 377 కేసు. పుస్తకం, నీ చేతిరాత రెండూ సాక్ష్యమే. పదేళ్లు పడుద్ది. మీ ఊళ్లో మీ నాన్నకి పంపమంటావా?" అన్నాడు. మొదట మూడు వేలు అడిగాడు. తర్వాత అయిదు. ఈ కుర్రాడు ఎనిమిది సార్లు పంపాడు, మొత్తం 46 వేలు. ఫోన్‌పే లిస్టు ప్రింట్ తీసుకొచ్చి, ప్రతి లైను పక్కన తారీఖు మళ్లీ చేత్తో రాసుకున్నాడు.

"మేడమ్, ముందు నన్ను అరెస్టు చేస్తారా, వాణ్ణా?" అని అడిగాడు.

నేను బేర్ యాక్ట్, అంటే చట్టం మాటలు ఉన్నవి ఉన్నట్టు అచ్చేసిన పుస్తకం, తీసి అతని ముందు పెట్టి, "బాబూ, వేలు పెట్టి నువ్వే చదువు" అన్నాను. చదివాడు. మళ్లీ చదివాడు. "దీంట్లో నేను లేనండి" అన్నాడు. అప్పుడు కూర్చున్నాడు.

377 గురించి కూడా చెప్పాలి. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన పాత ఐపీసీ సెక్షన్ అది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని తేల్చేసింది. కొత్త న్యాయ సంహితలో అసలు ఆ సెక్షనే లేదు. అంటే ఆ రూమ్మేట్ 2018లోనే ఊడిపోయిన కోరలు చూపించి డబ్బు గుంజాడు. ఆ సెక్షన్ బతికున్న రోజుల్లో కూడా అది పనుల గురించే తప్ప, చదవడం గురించో, ఒకరిని ఇష్టపడడం గురించో కాదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పాత ఐపీసీలో 388, 389 అని రెండు సెక్షన్లు ఉండేవి. నీ మీద నేరం మోపుతానని బెదిరించి డబ్బు గుంజేవాళ్ల కోసం. ఆ బెదిరింపు 377 పేరుతో చేస్తే యావజ్జీవం దాకా శిక్ష వేయొచ్చని అందులో ప్రత్యేకంగా రాశారు. 1860లో చట్టం రాసిన తెల్లవాళ్లకు కూడా తెలుసు, ఈ సెక్షన్ పట్టుకుని జనం జేబులు కొడతారని. ఇప్పుడు బలవంతపు వసూలు న్యాయ సంహిత 308 కిందికి వస్తుంది. మామూలు శిక్షే ఏడేళ్ల దాకా ఉంది. బెదిరింపుకు 351 వేరే ఉంది. అంటే ఆ గదిలో నేరస్థుడు ఎవరో చట్టానికి స్పష్టంగానే తెలుసు. తెలియనిది భయపడిన కుర్రాడికే.

ఫిర్యాదు ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు, "మా ఏరియా స్టేషన్లో అందరూ తెలిసినవాళ్లే" అంటారు. ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ కట్టి అటు పంపాల్సిందే. ఫిర్యాదులో మీరెవరిని ఇష్టపడతారో రాయక్కర్లేదు. వాడు ఏ రోజు ఏమన్నాడు, ఎంత తీసుకున్నాడు, ఏ నంబరుకి పంపారు, అది చాలు. చాట్లు డిలీట్ చేయకండి. భయంతో అందరూ చేసే మొదటి పని అదే, కానీ మాకు మిగిలే సాక్ష్యం ఆ చాట్లే. డబ్బు ఆన్‌లైన్లో పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. లాయరుకి చెబితే బయటికి పొక్కుతుందని భయపడకండి, క్లయింటు చెప్పిన మాట మేము బయటపెట్టకూడదని సాక్ష్య చట్టమే అంటుంది.

అపోహ: అలాంటి పుస్తకాలన్నీ గవర్నమెంటు ఎప్పుడో బ్యాన్ చేసింది.

ఏ పుస్తకం, ఏ తేదీ గెజిట్ అని అడిగి చూడండి, చెప్పలేరు. రాష్ట్ర ప్రభుత్వం పుస్తకాన్ని జప్తు చేయాలంటే కారణాలు రాసి గెజిట్‌లో ప్రకటించాలి. దాని మీద రెండు నెలల్లో హైకోర్టుకి వెళ్లొచ్చు, ముగ్గురు జడ్జీలు వింటారు. ఎవరో ధర్నా చేశారని, టీవీలో అరిచారని పుస్తకం నిషేధం అయిపోదు.

మన తెలుగులోనే ఉదాహరణ ఉంది. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించారు. ఒక ఆడది శృంగారం ఇంత బాహాటంగా రాయడమేమిటని గోల చేశారు, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి చొరవతో ఆ నిషేధం పోయింది, వావిళ్లవారు 1952లో మళ్లీ అచ్చు వేశారు. ఇప్పుడు దాని మీద యూనివర్సిటీల్లో పరిశోధన చేస్తున్నారు. మా అమ్మమ్మ పుట్టేనాటికి నిషిద్ధమైన పుస్తకం నా బీరువాలో న్యాయశాస్త్రం పుస్తకాల పక్కనే ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పెళ్లి కాకుండా కలిసి ఉండడం నేరం కాదు. పెళ్లికి ముందు సంబంధాల గురించి మాట్లాడినందుకు నటి ఖుష్బూ మీద పెట్టిన కేసులన్నీ కొట్టేస్తూ సుప్రీంకోర్టు 2010లోనే ఆ మాట చెప్పింది. "సహజీవనానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, లేకపోతే జైలు" అని తిరిగే మెసేజ్ ఉత్తరాఖండ్ చట్టం గురించి. అది మన రాష్ట్రానిది కాదు. ఇద్దరు పెద్దవాళ్లు గుర్తింపు కార్డు చూపించి లాడ్జిలో గది తీసుకుంటే అది కూడా నేరం కాదు. బీచ్ రోడ్డులో ఎవరో ఆపి "మీకు పెళ్లయిందా?" అని గద్దిస్తే జవాబు చెప్పాలన్న చట్టం లేదు.

వివాహేతర సంబంధం 2018 సెప్టెంబర్ 27 నుంచి నేరం కాదు. విడాకులకు మాత్రం కారణం అవుతుంది. భార్య బతికుండగా, విడాకులు తీసుకోకుండా రెండో పెళ్లి చేసుకుంటే మాత్రం హిందువులకు, క్రైస్తవులకు నేరమే. "మా ముగ్గురికీ ఇష్టమే కదా" అని తాళి కట్టిస్తే రేపు కేసు నిలబడుతుంది. స్వలింగ జంటల పెళ్లికి చట్టంలో చోటు లేదని 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు చెప్పింది. కలిసి ఉండడం నేరం కాదు, అంతవరకే. ఈ తేడా తెలియక కొందరు నకిలీ సర్టిఫికెట్లు ఇప్పించే దళారుల చేతిలో పడుతున్నారు. దయచేసి వాళ్లకు పైసా ఇవ్వకండి.

"పిల్లాడికి ట్రీట్‌మెంట్ ఇప్పిస్తాం" అని వచ్చే తల్లిదండ్రులకు ఒకటే మాట. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదు. మారుస్తానని చెప్పే డాక్టరు చేసేది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది.

రోడ్డు మీద ఆపి ఊరికే వాట్సాప్ తెరవమనే అధికారం పోలీసులకు లేదు. ఏదైనా కేసు దర్యాప్తులో ఫోన్ తీసుకోవచ్చు, అప్పుడు పంచనామా రాయాలి, ఇప్పుడైతే వీడియో కూడా తీయాలి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు గోప్యత మన ప్రాథమిక హక్కు అన్నారు. ఎవరిని ఇష్టపడతామన్నది కూడా అందులో భాగమేనని అదే తీర్పులో రాశారు.

ఒక్కచోట మాత్రం నేను ఎవరికీ ధైర్యం చెప్పను. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల లైంగిక చిత్రాలు, వీడియోలు. అవి వెతకడం, చూడడం, డౌన్‌లోడ్ చేయడం, దాచుకోవడం అన్నీ నేరమే. చదువుకునే హక్కు, గోప్యత అనే మాటలు అక్కడికి తేకండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు 377ని మళ్లీ నిలబెట్టిన వారంలో, తెలిసినాయన ఒకరు వచ్చారు. కొడుకు అల్మరాలో రెండు పుస్తకాలు దొరికాయి, కేసు అవుతుందా అని. కాదని చెప్పాను. అక్కడితో ఆపాల్సింది. "అయినా ఎందుకొచ్చిన గొడవ, తీసి పారేయండి" అనేశాను. ఆయన ఆ రాత్రే పెరట్లో, కొడుకు చూస్తుండగా కాల్చేశారు. "లాయరమ్మ చెప్పింది" అన్నారట. ఆ అబ్బాయి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. సంక్రాంతికి కూడా రాడు. ఆయన ఎంవీపీ కాలనీ రైతు బజార్లో ఇప్పటికీ కనబడతారు, కూరగాయల సంచీ పట్టుకుని. బాగున్నారా అంటే బాగున్నాం అంటారు. కొడుకు ఊసు ఆయనా ఎత్తరు, అడగడానికి నాకూ నోరు రాదు.

అందుకే గాజువాక ఆవిడకి లంచ్ టైం అయిపోయేదాకా చెప్పాను. కేసు లేదు, కాల్చొద్దు, ఎక్కడ తీశారో అక్కడే పెట్టేయండి అన్నాను. "మరి అమ్మాయితో ఏమనాలమ్మా?" అన్నారు. ఇవాళ ఏమీ అనక్కర్లేదు, అన్నం తిన్నావా అని అడగండి అన్నాను. అది చట్టం చదివి ఇచ్చిన సలహా కాదు. ఫీజు భయం ఉన్నవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

మద్దిలపాలెం కుర్రాడి కేసు ఇంకా నడుస్తోంది. ఛార్జిషీటు పడింది, సాక్ష్యం మొదలవ్వాలి. మొన్న వాయిదా తేదీ చెబితే, "ఆఫీసులో సెలవు చీటీలో ఏం రాయాలి మేడమ్?" అని అడిగాడు. "కోర్టు పని అని రాయి. ఏ పని అని ఎవరైనా అడిగితే, నా డబ్బులు ఒకడు ఎగ్గొట్టాడు అను" అన్నాను.