రెండు పొరల మధ్య తడిసిన చెట్టు

మేరీలాండ్‌లో ఉంటున్న పాఠకుడొకరు చవకగా వస్తోందని ఒక పాత తెరచాప పడవ కొన్నారు. జే/24 రకం. "ఫైబర్ గ్లాస్ కుళ్లదు కదండీ, మరి పడవ అడుగున కాలు వేస్తే మెత్తగా దిగుతోందేమిటి?" అని అడిగారు.

ఫైబర్ గ్లాస్ కుళ్లలేదు. దాని కడుపులో ఉన్న చెట్టు కుళ్లింది.

1977లో మొదలైన ఈ రకం పడవకు అడుగు నుంచి పైకప్పు దాకా శాండ్‌విచ్ కట్టుబడే. బయట ఒక గ్లాస్ పొర, లోపల ఒకటి, నడుమ బల్సా కట్టె. స్పానిష్‌లో బల్సా అంటే తెప్ప. 1947లో నార్వే సాహసికుడు థార్ హెయర్‌డాల్ బల్సా దుంగల తెప్ప మీద పెరూ నుంచి 101 రోజులు ప్రయాణించి పసిఫిక్‌లోని పాలినీషియా దీవులు చేరాడు. తెప్ప నీళ్లు తాగి మునుగుతుందని పండితులు బెదిరించారు గానీ, పచ్చి దుంగల్లోని రసం నీటిని అడ్డుకుంది. పడవల్లో పెట్టేది మాత్రం ఎండిన బల్సా.

ఇంత మెత్తని కట్టెకు అక్కడ పనేమిటి? లావుపాటి పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని వంచండి. వంగుతుంది. అంచు చూడండి, పుటల చివరలు మెట్లలా జారి ఉంటాయి. ఇప్పుడు చుట్టూ క్లిప్పులు గట్టిగా బిగించి వంచండి. పుటలు జారలేవు, పుస్తకం పలకలా మొరాయిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఈ జారుడుకు విరూపణ అని పేరు పెట్టి పిల్లల్ని హడలగొడతారు. బొమ్మ వేసే బదులు, చేతిలో ఉన్న ఆ పుస్తకాన్నే వంచి చూపిస్తే సరిపోయేది.

బల్సా ఆ క్లిప్పుల పని చేస్తుంది. లెక్క చూద్దాం. పొరలు ఒక్కొక్కటి 3 మి.మీ., నడుమ బల్సా 12 మి.మీ. అనుకోండి. బిరుసుతనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పొరలు విడివిడిగా వంగితే 3 ఘనం 27, రెండింటికీ కలిపి 54. ఒక్కటిగా వంగితే మొత్తం 18 ఘనంలోంచి నడిమి 12 ఘనం తీసేయాలి: 5832 − 1728 = 4104. అంటే బల్సా సొంత బలాన్ని లెక్కలో వేయకుండానే 76 రెట్లు! కట్టె కుళ్లి పొరను వదిలేసిన చోట ఆ 76 కాస్తా ఒకటికి దిగజారుతుంది. గ్లాస్ మీద మాత్రం గీతైనా పడదు.

బల్సా పోగులు పొరలకు లంబంగా, నిలబెట్టిన చీపురుకట్టలా ఉంటాయి. నీరు పోగు వెంబడి పరుగెడుతుంది, అడ్డంగా నత్తనడక నడుస్తుంది. కాబట్టి బోల్టు రంధ్రాల్లోంచి లోపలికి కారిన నీరు కారిన చోటే ఆగాలి. అయితే పడవ వంపుకు ఒదగడానికి బల్సాను చిన్న చదరాలుగా కోసి పలుచని గుడ్డకు అతికిస్తారు. చదరాల నడుమ సందులు రెసిన్‌తో, అంటే గట్టిపడే జిగురుతో, నిండకపోతే అవి పంట కాలువలే.

ఉప్పునీటి కన్నా వాననీరు ఎక్కువ చేటు, శిలీంధ్రాలకు అదే ఇష్టం. మన తీరంలో తెప్ప దుంగల కట్లు విప్పి ఇసుకలో ఆరబెట్టేవారు. శాండ్‌విచ్‌లోని కట్టెకు ఆ భాగ్యం లేదు. తెరచాప స్తంభం కింద నాణెం పెడితే అదృష్టమని నావికుల నమ్మకం. ఆ డబ్బుతో సందులు మూసే సీలెంట్ కొనుక్కున్నా అదృష్టమే.

కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే, ప్లాస్టిక్ సుత్తితో అంగుళం అంగుళం తట్టాలి. బాగున్న చోట టకటకమంటుంది, చెడిన చోట దబ్బుమంటుంది. హద్దులు సుద్దతో గీసి, లోపలి పొరకు చిన్న రంధ్రం వేయండి. డ్రిల్లు వెంట లేతరంగు పొడి వస్తే మంచిదే. కాఫీ పిప్పిలాంటి నల్లటి తడి ముద్ద వస్తే కోత తప్పదు. రంధ్రాల్లోంచి ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు ఎక్కించి సరిపెడదామని అందరికీ అనిపిస్తుంది గానీ, తడి కట్టెకు ఎపాక్సీ సరిగా పట్టదు.

కోసేది లోపలి పొరనే, ఆకారాన్ని బయటి పొర నిలబెడుతుంది. కుళ్లంతా గీకి, బాగా ఆరనిచ్చి, చిక్కని ఎపాక్సీ పూసి కొత్త బల్సా పరచాలి. పైన ప్లాస్టిక్ కప్పి గాలి లాగేస్తే వాతావరణమే అదిమి పెడుతుంది. పూర్తిగా లాగగలిగితే చదరపు మీటరుకు సుమారు 10 టన్నులు!

దాని మీద కొత్త గ్లాస్ వేసేముందు పాత పొర అంచును 1కి 12 వాలుగా అరగదీయాలి. 3 మి.మీ. మందానికి 36 మి.మీ. వాలు. అంత దేనికంటే, మళ్లీ పుస్తకమే. పాత గ్లాస్‌లోని లాగుడు కొత్త గ్లాస్‌లోకి జిగురు మీదుగా, పుటల మధ్య జారుడులాగే దాటాలి. అంచుకు అంచు ఆనిస్తే దానికి దొరికేది 3 మి.మీ. జిగురు. వాలు చేస్తే పన్నెండింతల చోటు.

ఇక పైకప్పు బోల్టులు. నీటిని లోపలికి పంపే అసలు దొంగలు అక్కడే ఉంటారు. బోల్టు తీసేసి, వంచిన మేకును డ్రిల్లుకు బిగించి ఆ రంధ్రంలో తిప్పితే, పొరలు చెక్కుచెదరకుండా నడిమి బల్సా మాత్రం చుట్టూ పొడై వస్తుంది. ఆ గూడును చిక్కని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నట్టనడుమ మళ్లీ రంధ్రం వేయాలి. రేపు సీలెంట్ ఊడినా నీరు కట్టెలోకి పోదు, నేరుగా మీ పరుపు మీద పడుతుంది. పరుపునైతే ఎండలో వేసుకోవచ్చు.