పవర్ ఇవ్వగానే రెండు పచ్చలైట్లు

ఇంజనీరింగ్ చదువుతున్న ఒక పాఠకుడు అడిగాడు: "8051 మైక్రోకంట్రోలర్‌తో ట్రాఫిక్ లైట్ ప్రాజెక్టు చేశాం. ప్రోటియస్ సిమ్యులేటర్‌లో చక్కగా నడిచింది. బోర్డు మీద మాత్రం పవర్ ఇవ్వగానే లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరుతున్నాయి. తర్వాత అంతా మామూలే. దీన్ని పట్టించుకోవాలా?"

పట్టించుకోవాలి. అలా వెలిగిన లైట్లలో రెండు రోడ్ల పచ్చలైట్లూ ఉన్నాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. కూడలిలో రెండు పచ్చల సంగతీ అంతే. ఎర్ర, పసుపు, పచ్చ వరస తప్పకుండా రావడం ఈ ప్రాజెక్టులో తేలిక పని. ఏం జరిగినా రెండు పచ్చలు కలిసి వెలగకుండా చూడడమే అసలు పని.

మైక్రోకంట్రోలర్ అంటే ఏమిటో, ఎల్ఈడీకి రెసిస్టర్ ఎందుకో ప్రతి ల్యాబ్ మాన్యువల్‌లోనూ ఉంటుంది, వదిలేద్దాం. 8051 రీసెట్‌లో, అంటే ప్రోగ్రాం మొదలవ్వకుండా ఆగి, ఉన్నంతసేపూ దాని పోర్టులన్నీ (ఎనిమిదేసి పిన్నుల గుంపులు) 1లోనే, అంటే హై వోల్టేజిలోనే ఉంటాయి. అది లోపం కాదు, కావాలని చేసిందే. ఈ చిప్‌లో పిన్నును ఇన్‌పుట్‌గా వాడాలంటే ముందు దానికి 1 రాయాలి. అందుకే రీసెట్ కాగానే అన్నీ ఇన్‌పుట్‌కు సిద్ధంగా ఉంటాయి. ఇక లైటును పిన్ను నేరుగా మోయలేదు కాబట్టి మధ్యలో యూఎల్ఎన్2003 డ్రైవర్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే చిప్) పెడతాం. దానికి 1 అందితే లైటు వెలుగుతుంది. పిన్ను నుంచి వచ్చేది మైక్రోఆంపియర్లలోనే అయినా లోపలి డార్లింగ్టన్ జత (ఒకదాని వెనక ఒకటి కలిపిన రెండు ట్రాన్సిస్టర్లు) దాన్ని వందల రెట్లు పెంచేస్తుంది. అంటే రీసెట్‌లో ఉన్నంతసేపూ అన్ని లైట్లూ ఆన్. రీసెట్ పిన్ను దగ్గర మామూలుగా పెట్టే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10 కిలోఓమ్ రెసిస్టర్‌ల లబ్ధం 0.1 సెకను. ఇంచుమించు అంతసేపు మీ ప్రోగ్రాంలో మొదటి లైను కూడా నడవదు.

మరి సిమ్యులేషన్‌లో ఎందుకు కనబడలేదు? ప్రోటియస్‌లో క్రిస్టల్, రీసెట్ సర్క్యూట్ గీయకపోయినా చిప్ నడుస్తుంది. క్లాక్ ఎంతో ప్రాపర్టీస్‌లో రాస్తే చాలు. అందుకే చాలామంది అవి గీయరు. గీయని కెపాసిటర్ చార్జ్ అవ్వడానికి సమయం పట్టదు కదా! రీసెట్ బటన్ మూడుసార్లు నొక్కితే బోర్డు దారికొస్తుందని నమ్మే ల్యాబు కుర్రాళ్లున్నారు. ఈ కేసులో ఆ మంత్రం వేస్తే రెండు పచ్చలు మరో మూడుసార్లు వెలుగుతాయి, అంతే.

దీనికి నాకు బాగా నచ్చిన మందు ఒకటుంది. ఎర్రలైట్ల తీగలను నేరుగా డ్రైవర్‌కు ఇవ్వండి. పసుపు, పచ్చ తీగలను మాత్రం 1ని 0గా, 0ని 1గా తిప్పే 74హెచ్‌సీ04 ఇన్వర్టర్ గుండా పంపండి. ఇప్పుడు ఎర్రకు 1 అంటే ఆన్, మిగతావాటికి 1 అంటే ఆఫ్. రీసెట్‌లో అన్నీ 1లే కాబట్టి ప్రోగ్రాం మొదలవ్వకముందే రెండు రోడ్లకూ ఎర్రలైటు పడుతుంది. ఇంతకుముందు ప్రమాదం తెచ్చిన గుణమే ఇప్పుడు కాపలా కాస్తోంది.

పోర్టు విలువలు కూడా దీనికి తగ్గట్టే వస్తాయి. సున్నా బిట్ నుంచి వరసగా మొదటి రోడ్డు ఎర్ర, పసుపు, పచ్చ, ఆ తర్వాత రెండో రోడ్డువి అదే వరసలో పెట్టండి, మిగిలిన రెండు బిట్లను 1లోనే ఉంచండి. మొదటి రోడ్డుకు పచ్చ ఇస్తే 250, పసుపు ఇస్తే 252, అంతా ఎర్ర అయితే 255. రెండో రోడ్డుకు పచ్చ 215, పసుపు 231, మళ్లీ 255. రీసెట్ విలువ కూడా ఆ 255నే చూశారా! ఆరు లైట్లతో 64 కలయికలు వస్తాయి. వాటిలో మనం వాడేవి ఐదే. అందుకే పోర్టుకు రాసే ముందు ప్రతి విలువనూ ఈ ఐదింటితో పోల్చి, ఏదీ కాకపోతే 255 రాసేయండి.

పసుపు ఎన్ని సెకన్లు ఉండాలనేది ఊహించి పెట్టేది కాదు. బండి నడిపే మనిషి స్పందించడానికి 1 సెకను, దానికి తోడు వేగాన్ని బ్రేకు మందగమనానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చేది. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు 13.9 మీటర్లు. మందగమనం 3 (అంటే సెకను సెకనుకూ వేగం 3 మీటర్ల చొప్పున తగ్గడం) అనుకుంటే మొత్తం 3.3 సెకన్లు.

ఆ సెకన్లను లెక్కపెట్టడానికి డిలే లూప్ (ఊరికే తిరుగుతూ సమయం గడిపే కోడ్) నేర్పే పాఠాలంటే నాకు చిరాకు. లూపులో ఉండగా పాదచారి బటన్ నొక్కి వదిలేస్తే చిప్‌కు తెలియనే తెలియదు. టైమర్ వాడండి. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో ఒక మెషీన్ సైకిల్ 1 మైక్రోసెకను. టైమర్‌లో 15536 నింపితే సరిగ్గా 50000 లెక్కలకు, అంటే 50 మిల్లీసెకన్లకు నిండుతుంది. అలా 20 సార్లు నిండితే ఒక సెకను. 8051 కుటుంబంలోని 89ఎస్52 చిప్ అయితే వాచ్‌డాగ్ (ప్రోగ్రాం అప్పుడప్పుడు తట్టకపోతే చిప్‌ను రీసెట్ చేసే టైమర్) కూడా ఉంటుంది. దాన్ని టైమర్ ఇంటరప్ట్‌లో (టైమర్ నిండగానే మెయిన్ లూప్‌ను ఆపి నడిచే కోడ్‌లో) తట్టకండి. మెయిన్ లూప్ ఎక్కడో ఇరుక్కుపోయినా ఇంటరప్ట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది, వాచ్‌డాగ్ అంతా బాగానే ఉందనుకుంటుంది.

ఇంత చేసినా డ్రైవర్ చిప్ కాలిపోయి పచ్చలైటు తీగ ఆన్‌లోనే నిలిచిపోతే ప్రోగ్రాం ఏమీ చేయలేదు. తాను రాసిన విలువ సరైనదే కాబట్టి తప్పు దానికి కనబడదు కూడా. అందుకే నిజమైన సిగ్నల్ పెట్టెల్లో కాన్‌ఫ్లిక్ట్ మానిటర్ అనే వేరే పరికరం ఉంటుంది. అది కంట్రోలర్ మాట వినదు, లైట్లకు వెళ్లే తీగల మీదున్న వోల్టేజినే నేరుగా చూస్తుంది. కలిసి రాకూడని పచ్చలు కలిసి కనబడితే అర సెకను లోపే కంట్రోలర్‌ను పక్కన పెట్టి, రిలే ద్వారా లైట్లను ఫ్లాషింగ్‌లోకి మార్చేస్తుంది. మీ ప్రాజెక్టులో దీని చిన్న రూపం పెట్టుకోవచ్చు. రెండు పచ్చల తీగలను డ్రైవర్ తర్వాత తీసుకుని ఒక గేటుకు ఇవ్వండి. డ్రైవర్ అవుట్‌పుట్ 0 అయినప్పుడే లైటు వెలుగుతుంది కాబట్టి ఇక్కడ కావాల్సింది నార్ గేటు, అంటే రెండు ఇన్‌పుట్లూ 0 అయినప్పుడే 1 ఇచ్చేది. దాని అవుట్‌పుట్‌తో ఒక లాచ్ (ఒకసారి 1 వస్తే దాన్ని అలాగే పట్టి ఉంచేది), లాచ్‌తో పచ్చలైట్ల సప్లయిని తెంపే రిలే. ఇది సిమ్యులేషన్‌లోనే పరీక్షించుకోవచ్చు: ఒక రోడ్డుకు పచ్చ నడుస్తుండగా రెండో రోడ్డు పచ్చ తీగను స్విచ్చుతో గ్రౌండ్‌కు కలిపి, రిలే పడుతుందో లేదో చూడండి.