14 నక్షత్రాలున్నోడి దివాలా

అనంతపురం,
కార్తీక మాసం

చిన్నోడికీ, పాపకూ జేజినాయన దీవెనలు.

దసరా సెలవుల్లో చిన్నోడు కంప్యూటర్ ముందు తల పట్టుకుని అడిగినాడు: "జేజినాయనా, నాకు 14 నక్షత్రాలున్నాయి, పక్కోడికి ఎనిమిదే. వాడు నన్నెట్ల కొట్టినాడు?" 2016లో వచ్చిన స్టెల్లారిస్ ఆట అది, అంతరిక్ష ఓడలతో నక్షత్రాలు పట్టుకుంటూ రాజ్యం పెంచుకునేది. మూడు రోజులు నీ పక్కన కూర్చుని చూసినా. ఓడల సంగతి నాకు తెలీదు గానీ ఆ లెక్క తెలుసు. అది శెనక్కాయల లెక్క.

నేను నీ ఈడులో ఉన్నప్పుడు ఒక ఏడు తొలకరి బాగా పడింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే సీమ మనది. మా నాయన ఆశపడి, ఉన్న ఐదెకరాలకు తోడు ఇంకో పదెకరాలు గుత్తకు తీసుకున్నాడు. ఎకరాకు 60 కిలోల పైమాటే విత్తనం. అప్పు తెచ్చినాడు. ఎద్దులేమో ఒకటే జత. పదునులో విత్తనమైతే పడింది గానీ, గుంటక తోలే నాటికి సగం చేను గడ్డి పాలైంది. ఐదెకరాల కాయలే చేతికొచ్చినాయి, గుత్తా వడ్డీ మాత్రం తప్పలేదు. మా అమ్మ ఆ ముచ్చట ఎత్తిపొడవని పండగ లేదు.

నీదీ అదే. కొత్త గ్రహంలో మనుషుల్ని దింపితే మొదట్లో అది తినేదే గానీ పెట్టేది కాదు. రాజ్యం పెరిగేకొద్దీ కొత్త విద్యలకు పరిశోధనా ఎక్కువ పడుతుంది. ఖనిజం కుప్పలు పోసుకున్నావు, దాన్ని మిశ్రలోహం చేసే కొలిమి పెట్టలేదు. ఓడలు కట్టేది ఆ లోహంతోనే కదప్పా! కాయలుంటే చాలదు, గానుగ ఉండాల. పక్కోడు ఎనిమిదింటితోనే గానుగ తిప్పుకున్నాడు. ఇంకోటి, యుద్ధం లేకున్నా ఓడలు ఎనర్జీ తింటాయి. గాట్లో కట్టేసిన ఎద్దు మేత మానుతుందా? అట్లని ఓడలే వద్దనుకోవద్దు. (ఇక్కడ నా పోలిక కుంటుతోంది. మా ఎద్దులెప్పుడూ లేజర్లు కొట్టలేదు.)

చేను చుట్టూ కంప వేసినా, రాత్రి కాపలా వంక పక్క సందు దగ్గరే ఉండేది. పందులు వచ్చేది ఆ దారినే. మంచె మీద డబ్బా కొడుతూ కూర్చునేవాణ్ణి, నిద్రపోయి దెబ్బలు తిన్నదీ ఉంది. నీ పటంలో ఓడలు నక్షత్రాల మధ్య గీతల మీదే పోతాయి కదా. నువ్వేమో ఆరు చోట్ల కోటలు కట్టినావు! ముందు సర్వే ఓడను తిప్పు. సర్వే కానిచోట ఠాణా ఎట్లాగూ పెట్టనివ్వదు. నీ ఇంటికొచ్చే గీతలన్నీ ఏ నక్షత్రం దగ్గర కలుస్తాయో చూసి, అందాక పోయి ఒక్క గట్టి కోట కట్టు. వెనకవి నిదానంగా నింపుకోవచ్చు. తోచకపోతే ఆట ఆపి ఆలోచించు. కాలాన్ని నిలబెట్టే ఆ మీట మా నాయనకు ఉండుంటే!

పాప వేరే అడిగింది, ఆ చుక్కలు నిజంగా ఉన్నాయా అని. ఇట్లాంటి ఆటే 1993లో మాస్టర్ ఆఫ్ ఓరియన్ అని ఒకటొచ్చింది. ఆ ఓరియన్ మన నెత్తి మీద ఉండే చుక్కల గుంపేనమ్మా, దాని నడుమునే మనవాళ్లు గొల్లకావడి అంటారు. రాత్రి తొమ్మిదిన్నరకు మిద్దెక్కి తూర్పుకు చూడండి. పైన గుంపుగా పిల్లలకోడి, చాలా కింద నిలువుగా మూడు చుక్కలు, అదే గొల్లకావడి. ఆ వెలుతురు వందల ఏళ్ల కింద బయలుదేరింది. పిల్లలకోడిలో ఎన్ని చుక్కలు ఎంచినారో నాకు రాయండి. చిన్నప్పుడు మంచె మీద నుంచి నాకు ఆరు కనిపించేవి, ఇప్పుడు నాలుగే.

మీ
జేజినాయన