బడిలో వేసే మాత్ర దీనికి చాలదు

అనంతపురం పల్లెల్లో దేవర నాడు పొట్టేలును కోస్తే ఒక్కోసారి కార్జంలో తెల్లటి నీటిబుడ్డలు కనిపిస్తాయి. కోసేవాళ్లు ఆ ముక్కను తీసి పక్కన పారేస్తారు. కుక్క నోట కరుచుకుపోతుంది. మనుషులకూ సోకే హైడాటిడ్ జబ్బు చక్రం తిరిగేది అక్కడే.

ఆ బుడ్డల్లో ఉండేది ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశ. కుక్క పేగుల్లో అది పెరిగినా కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, కుక్కకు నలతేమీ కనిపించదు. దాని పెంటలో పడ్డ గుడ్లు నెలల తరబడి మట్టిలో బతుకుతాయి. గొర్రెలు మేతతో పాటు మింగుతాయి. రొప్పం దగ్గర కుక్కపిల్లతో ఆడి అదే చేత్తో అన్నం తినే పిల్లలూ మింగుతారు. మాంసం తినడం వల్ల మాత్రం ఈ జబ్బు రాదు.

కడుపులో గుడ్డు నుంచి బయటపడ్డ పురుగు రక్తంలో కలిసి కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో ఆగి, నీటితిత్తిగా పెరుగుతుంది. డాక్టర్లు హైడాటిడ్ సిస్ట్ అంటారు. ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. తర్వాత కుడి డొక్కలో ఉబ్బు, నొప్పి, లేదా ఎంతకీ తగ్గని దగ్గు. పిల్లల్లో ఊపిరితిత్తుల్లో తిత్తులు ఎక్కువే కాబట్టి టీబీ అని పొరబడే ప్రమాదం ఉంది. తిత్తి శ్వాసనాళంలోకి పగిలితే బిడ్డ ఉప్పటి నీళ్లు, ద్రాక్షతొక్క లాంటి పొరలు దగ్గి ఉమ్మొచ్చు. ఒంటిమీద దద్దుర్లు లేచి, ఆయాసం వచ్చి, బీపీ పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి. సూది గుచ్చినా తిత్తిలోని నీరు కారి ఇలాగే కావొచ్చు, అందుకే ఏదో గడ్డ అనుకుని సూది గుచ్చి చూడకూడదు. ముందు ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్ తీయాలి.

"నులిపురుగుల మాత్ర వేశాం కదా సార్" అంటారు తల్లిదండ్రులు. ఫిబ్రవరి, ఆగస్టులో బడిలో ఇచ్చేదీ ఆల్బెండజోలే. కానీ ఆ ఒక్క మోతాదు పేగుల్లోని పురుగులకే. తిత్తికైతే బరువును బట్టి, కిలోకు రోజుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు పూటలా, నెలల పాటు వాడాలి. కొవ్వున్న తిండితో వేస్తేనే మందు ఒంటికి బాగా పడుతుంది. మధ్యమధ్యలో రక్తకణాలు, కాలేయం పరీక్షలు తప్పవు. కాలేయంలోని కొన్ని తిత్తులను నిపుణులు ఆ మందు వాడిస్తూనే, స్కానింగ్ చూస్తూ సూదితో ఖాళీ చేస్తారు. పెద్దవాటికి, ఊపిరితిత్తుల్లోని చాలావాటికి ఆపరేషనే మార్గం.

ఐస్‌లాండ్‌లో ఒకప్పుడు ఈ జబ్బు విపరీతం. 1860లలో ఈ జబ్బు గురించి చెప్పే చిన్న పుస్తకాలు ఇంటింటికీ పంచి, కుక్కలను అదుపు చేసి, చివరికి దాన్ని పూర్తిగా తరిమేశారు. మన దగ్గరా మందకాపలా కుక్కలకు పశువుల డాక్టరు చెప్పినట్టు బద్దెపురుగుల మందు ప్రాజిక్వాంటెల్ వేయించాలి. బుడ్డలున్న కార్జాన్ని, తిత్తులను కాల్చేయాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చాలి.