మా బోరు నీళ్లలో పప్పు ఉడకడం మానేసింది

మాది కోనసీమలో సముద్రానికి అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. నా చిన్నప్పుడు పెరట్లో చేతిపంపు కొడితే హాయిగా తాగే నీళ్లు వచ్చేవి. ఇప్పుడు అదే చోట బోరు వేసి మోటారు పెట్టుకున్నాం. ఆ నీళ్లలో కందిపప్పు గంటసేపు పొయ్యి మీద ఉన్నా మెత్తబడదు, సబ్బు నురగ రాదు, గిన్నెల మీద తెల్లటి చారలు పడతాయి. వంటకీ తాగడానికీ అమ్మ టిన్ను నీళ్లు కొంటోంది. ఒక పక్క గోదావరి, ఊరి చుట్టూ కాలువలు, ఏటా నాలుగు నెలల వానలు, ఇన్ని ఉండి నీళ్లు కొనుక్కోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. గ్లోబల్ వార్మింగ్ అంటే మనకు మండే ఎండలు, ఎక్కడో కరిగే మంచు గుర్తొస్తాయి. డెల్టాలో మాత్రం అది కాళ్ల కింద నుంచి ఉప్పుగా కూడా వస్తుంది.

ఎలాగో చెబుతాను. ఉప్పునీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర వంతులు ఎక్కువ బరువు. అందుకే తీరప్రాంతాల్లో నేల లోపల సముద్రపు నీరు అడుగున ఉంటే, వాననీరు, కాలువల ఊట దాని మీద తేలుతూ ఉంటాయి. ఈ తేలడానికి ఒక లెక్క ఉంది. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు ఐరోపా వాళ్లు నూరేళ్లకు పైగా కిందటే, ఎవరికి వారుగా దాన్ని తేల్చారు: భూగర్భంలో మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక్క అడుగు ఎత్తులో ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల లోతు వరకు మంచినీరు నిలబడుతుంది. వినడానికి బాగుంది కదా, కానీ ఇదే లెక్కను తిరగేసి చూడండి. పైన ఒక్క అడుగు తగ్గితే కింద నుంచి ఉప్పు దాదాపు 40 అడుగులు పైకి వచ్చేస్తుంది. వెంటనే కాదు, ఏళ్లు పడుతుంది. వచ్చాక వెనక్కి పంపడం మాత్రం చాలా కష్టం.

ఆ అడుగు రెండు రకాలుగా పోతుంది. ఒకటి, మనం బోర్లతో తోడేయడం. రెండోది, సముద్రం పైకి రావడం. సముద్రంతో పాటు భూగర్భ జలమూ పెరుగుతుంది కదా అని అడగొచ్చు. ఎత్తైన నేలల్లో పెరుగుతుంది కూడా, కానీ మన తీరం వెంట నేల బాగా పల్లం, నీరు కాస్త పెరగగానే మురుగు కాలువల్లోకి జారిపోతుంది, దాంతో సముద్రానికీ దానికీ ఉన్న ఎత్తు తేడా తగ్గిపోతుంది.

సముద్రం ఎందుకు పెరుగుతోందో తెలుసుకోవాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి ఎండలో పెట్టింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది, నీడలోకి తెచ్చాక చల్లారడానికీ ఎక్కువసేపు పట్టింది. ఆ వాయువు గాలిలో పెరిగితే భూమి వేడెక్కుతుందని ఆవిడ అప్పుడే రాసింది. పరిశ్రమలు రాకముందు గాలిలో అది పది లక్షల వంతుల్లో 280 వంతులు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. కాల్చిన బొగ్గు, పెట్రోలు, గ్యాసు, నరికిన అడవులు, ఇవే ముఖ్య కారణం. అలా చిక్కిన అదనపు వేడిలో నూటికి 90 వంతులకు పైగా సముద్రాలే మింగుతున్నాయి. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, దానికి కరిగిన మంచు తోడవుతుంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. ఇప్పుడు ఏటా 4 మిల్లీమీటర్ల దాకా పెరుగుతోంది, వేగమూ పెరుగుతోంది.

ఇక్కడ డెల్టాకి ఇంకో దెబ్బ ఉంది, దీని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. మన నేల గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు. వేల ఏళ్లుగా పొర మీద పొర పడి తయారైంది. మెత్తటి మట్టి కనుక తన బరువుకి తనే అణుగుతుంటుంది, వరదొచ్చినప్పుడల్లా కొత్త ఒండ్రు పడి ఆ లోటు తీరేది. ఇప్పుడు పైనున్న డ్యాముల్లో ఆ మట్టి ఆగిపోతోంది, 1970లతో పోలిస్తే సముద్రం దాకా చేరేది సగం కూడా లేదు. నేల దిగుతోంది, నీరు ఎక్కుతోంది. ఉప్పాడ దగ్గర ఇళ్లు, రోడ్డు ఎలా కోతకు గురవుతున్నాయో కాకినాడ వెళ్లినవాళ్లంతా చూస్తూనే ఉన్నారు.

తుఫానులు, వరదలు మనకు కొత్త కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. 1839లో ఉప్పెన కోరంగి రేవునే తుడిచిపెట్టేసింది, 1996 నవంబరు తుఫానుని మా అమ్మవాళ్ల తరం ఇప్పటికీ మర్చిపోలేదు. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు, ఆ ఆవిరే కుంభవృష్టిగా పడుతుంది. ఎత్తు పెరిగిన సముద్రం మీద లేచిన ఉప్పెన ఇంకా లోపలికి వస్తుంది. ఎండ సంగతి సరేసరి, తేమకి చెమట ఆరని మన దగ్గర మధ్యాహ్నం చేలో పనిచేసేవాళ్లకి అది ప్రాణం మీదికి వచ్చే విషయం.

మరి మనమేం చేయగలం? ముందు న్యాయం మాట ఒకటి చెప్పాలి. సగటు భారతీయుడి వల్ల ఏడాదికి వెలువడే కార్బన్ డయాక్సైడ్ 2 టన్నులకు కాస్త అటూ ఇటూ, అమెరికన్‌ది దానికి ఆరేడు రెట్లు. బాధ్యత ఎవరిది ఎక్కువో ఇక్కడే తెలుస్తోంది. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేం, ఎందుకంటే మునిగేది మన చేలు.

దమ్ము చేసిన చేలో కాలు పెడితే బుడబుడమని బుడగలు వస్తాయి, చూశారా? వాటిలో మీథేన్ ఉంటుంది. నీళ్లు నిలిచిన బురదలో గాలి ఆడక, కుళ్లే గడ్డీ వేళ్లూ తిని సూక్ష్మజీవులు దాన్ని వదులుతాయి. వందేళ్ల లెక్కన చూస్తే బరువుకు బరువు అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. దాళ్వాలో, అంటే రబీ వరిలో, ఆరుతడి పద్ధతి పాటిస్తే, అంటే చేలో చిల్లుల పైపు ఒకటి పాతి, నీరు నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇస్తే, మీథేన్ సగం వరకు తగ్గుతుంది, దిగుబడీ పెద్దగా పోదు. పొట్ట, పూత దశలో మాత్రం నీరు ఉంచాలి. అన్ని చేలకూ ఇది పనికిరాదు, తీరం పక్కన ఉప్పు నేలల్లో చేను ఆరితే ఉప్పు పైకి తేలుతుంది, అక్కడ చేయొద్దు. పైన కాలువ మొదట్లో ఉన్న రైతులు చేస్తే మిగిలిన నీరు శివారు భూములకు అందాలి. అప్పుడే ఉప్పును అణిచిపెట్టే మంచినీరు అసలు కావలసిన చోటికి చేరుతుంది.

మడ అడవుల సంగతీ అంతే ముఖ్యం. కోరంగిలో ఆ వేళ్లు అలల జోరు తగ్గిస్తాయి, కొట్టుకొచ్చిన ఒండ్రును పట్టి నేలను ఎత్తు చేస్తాయి, బురదలో బోలెడంత కార్బన్‌ను దాచిపెడతాయి. ఏ కాంక్రీటు గోడా ఈ మూడూ చేయలేదు. వాటిని కొట్టి రొయ్యల చెరువు తవ్వుతుంటే ఊరంతా కలిసి అడ్డుకోవాలి. దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుతోనే వస్తోంది కనుక ఇంటి మీద సోలార్ పెట్టుకోవడం మంచిదే, గడ్డి కాల్చకుండా పశువులకో ఎరువుకో వాడుకోవడం కూడా మంచిదే.

నిజం చెప్పాలంటే మా బోరు పాడవడానికి ఈరోజుకి సముద్రం కంటే పెద్ద కారణం పక్కనే వెలిసిన రొయ్యల చెరువులూ, ఎడాపెడా వేసిన బోర్లూ అని నా నమ్మకం. పెరుగుతున్న సముద్రం ఆ తప్పును సరిదిద్దుకునే టైము లేకుండా చేస్తోంది. వరి చేల మధ్య ఉప్పునీటి చెరువు వద్దని గ్రామసభలో మొదటిసారి లేచి అడిగినప్పుడు నాకు గొంతు వణికింది, రెండోసారికి నాతో పాటు పదకొండు మంది లేచారు. ఏప్రిల్లో కాలువలు కట్టేసేలోపు ఊరచెరువు పూడిక తీయించి నిండా నీళ్లు పెట్టించాలని ఈసారి అర్జీ రాశాం. చెరువు నిండితే చుట్టూ ఇంకే నీరు మా పెరట్లో ఉప్పును ఎంత కిందికి తోస్తుందో చూడాలని ఒక పాత బావిలో నెలకోసారి నీటిమట్టం కొలిచి నోటుబుక్కులో రాస్తున్నాం.