రంగు ఫించ్‌ల పెంపకం: అపోహలు - వాస్తవాలు

"అన్నా, రెండూ క్రెస్టెడ్‌వే, ప్యూర్ జత అని తెచ్చుకున్నాను. గుడ్లు బాగానే పెడుతున్నాయి, కానీ ప్రతిసారీ ఒకటో రెండో లోపలే చచ్చిపోతున్నాయి. ఏం మందు వెయ్యమంటారు?"

ఈ ప్రశ్న అడిగే మనుషులు మారతారు, పిట్ట కూడా మారుతుంది, ఒకసారి జీబ్రా ఫించ్ అంటారు, ఇంకోసారి బెంగాలీస్ అంటారు, రెండూ పంజరాల్లో పెంచే చిన్న పిట్టలే. క్రెస్టెడ్ అంటే నెత్తిన ఈకల కొప్పు ఉన్నది. నా జవాబు మాత్రం మారదు. దీనికి మందు లేదు, జత మార్చాలి. ఆ మాట చెబితే చాలామంది నమ్మరు, ఎందుకంటే అమ్మినవాళ్లు సరిగ్గా దీనికి ఉల్టా చెప్పి డబ్బులు తీసుకుని ఉంటారు. అందుకే ఇవాళ కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు కొన్ని మాటలు చెప్పేస్తాను. మామూలుగా ఏ జీన్ అయినా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒక్కటి వచ్చినా పైకి కనిపించేది డామినెంట్, రెండూ వస్తేనే కనిపించేది రిసెసివ్. రంగు పైకి కనిపించే పిట్ట విజువల్, జీన్ ఒక్కటే ఉండి రంగు కనిపించనిది స్ప్లిట్. జీబ్రా ఫించ్ అసలు రంగు గ్రే, జీన్ మారి వచ్చిన మిగతా రంగులు మ్యుటేషన్‌లు.

అపోహ: ఒకే రంగు పిట్టల్ని జత కడితేనే రంగు నిలుస్తుంది. ఒకే గూటి పిల్లలైతే ఇంకా ప్యూర్.

వాస్తవం: జనానికి డబ్బూ పిట్టలూ అన్నిటికంటే ఎక్కువ పోతున్నది ఈ ఒక్క నమ్మకం వల్లే.

ముందు క్రెస్టెడ్ సంగతే చూద్దాం. నెత్తిన కొప్పు రావడానికి ఒక్క జీన్ చాలు, అది డామినెంట్. తల్లి దగ్గర్నుంచి ఒకటి, తండ్రి దగ్గర్నుంచి ఒకటి, రెండూ వస్తే ఆ పిల్ల బతకదు. గుడ్డులోనే పోతుంది, లేదా బయటికొచ్చిన కొద్ది రోజులకే పోతుంది. ఇప్పుడు లెక్క వెయ్యండి. రెండు కొప్పు పిట్టల్ని జత కడితే సగటున 8 గుడ్లలో 2 పోతాయి, 4 కొప్పుతో వస్తాయి, 2 మామూలు తలతో వస్తాయి. అదే కొప్పు పిట్టకి మామూలు తల పిట్టని జత కడితే ఆ 8 గుడ్లలో 4 కొప్పువి, 4 మామూలువి, పోయేవి ఏమీ ఉండవు. కొప్పు పిల్లలు రెండు చోట్లా నాలుగే! ఆ ప్యూర్ జత వల్ల మీకు ఒక్క కొప్పు పిల్ల కూడా ఎక్కువ రాలేదు, రెండు పిల్లలు మాత్రం చచ్చిపోయాయి. ఇంతకంటే తేలిగ్గా ఎలా చెప్పాలో నాకు తెలీదు.

తెనాలి వైపు నుంచి ఒక కుర్రాడు ఇదే బాధతో పంజరం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. డిగ్రీ చదువుతూ పార్ట్‌టైమ్ పని డబ్బులతో కొనుక్కున్నాడట, గ్రే జత ధరకి నాలుగైదు రెట్లు పెట్టి. గుడ్లు పోతున్నాయని గూడుగా పెట్టిన ముంత మార్చాడు, కాల్షియం పోశాడు, పంజరం హాల్లోంచి మేడ మీదికి మార్చాడు. ఎవరో దిష్టి అన్నారని పంజరానికి నిమ్మకాయ కట్టాడు. ముంతలో చెయ్యి పెట్టి చూస్తే కొబ్బరి పీచు కింద ఒక ఇనుప మేకు తగిలింది. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని కోడి పొదిగే బుట్టలో ఇనుప ముక్క వేస్తారు చూడండి, వాళ్ల నాయనమ్మ అది గుర్తుపెట్టుకుని వేసిందట. ఆ పెద్దావిడని నేను ఏమీ అనను, ఆవిడ మనవడి బాధ చూడలేకే కదా వేసింది. కానీ అన్ని నెలలు ఆ పిల్లాడు తన చేతుల్లోనే ఏదో లోపం ఉందని కుమిలిపోయాడే, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ అమ్మినవాళ్ల మీద కోపం వస్తుంది.

గుడ్లని ఫోన్ టార్చి మీద పెట్టి చూపించాను. బాగున్న గుడ్డులో ఐదారు రోజులకే సన్నటి ఎర్ర నరాలు సాలెగూడులా కనిపిస్తాయి, లోపల చిన్న చుక్క కదులుతుంటుంది. పిండం పోయిన గుడ్డులో ఆ నరాలు చెదిరిపోయి ఒక ఎర్రటి ఉంగరంలా మిగులుతుంది. అసలు ఏమీ లేకుండా పసుపుగా వెలిగితే అది కట్టని గుడ్డు, అంటే పిండమే ఏర్పడనిది, అది వేరే సమస్య. ఈ మూడూ విడదీసి చూడకుండా "గుడ్లు పోతున్నాయి" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఆ ఆడపిట్టకి మా దగ్గరున్న మామూలు తల గ్రే మగపిట్టని జత కట్టి పంపించాను. తర్వాత ఫొటోలు పెట్టాడు, ముంత నిండా పిల్లలు.

ఇక రిసెసివ్ రంగులు. జీబ్రాలో వైట్, పైడ్ (తెల్ల మచ్చలది), పెంగ్విన్ (పొట్ట తెల్లనిది), బ్లాక్ బ్రెస్టెడ్ (రొమ్ము నల్లనిది), ఆరెంజ్ బ్రెస్టెడ్ (రొమ్ము నారింజ రంగుది), ఇటు గౌల్డియన్ అనే ఇంకో ఫించ్‌లో బ్లూ. వీటిలో క్రెస్టెడ్ లాగా చంపే జీన్ లేదు, కాబట్టి పెంగ్విన్‌కి పెంగ్విన్‌ని కడితే అన్నీ పెంగ్విన్‌లే వస్తాయి, నిజమే. అక్కడే జనం పడిపోతారు. మొదటి తరం బాగుంటుంది. రెండో తరంలో పిట్ట సైజు తగ్గుతుంది. ఆ తర్వాత గుడ్లు తగ్గుతాయి, కట్టనివి పెరుగుతాయి, పిల్లలు గూట్లోంచి బలంగా దూకాల్సింది పోయి కింద చతికిలబడతాయి. ఎందుకంటే ఆ రంగు మన దగ్గరికి వచ్చిందే కొద్ది పిట్టల నుంచి. 1960 నుంచి ఆస్ట్రేలియా తన పక్షుల్ని వ్యాపారానికి బయటికి పంపడం లేదు, మన పంజరాల్లో ఉన్న జీబ్రాలు, గౌల్డియన్‌లు దాదాపు అన్నీ అంతకు ముందు బయటికొచ్చి పంజరాల్లో పెరిగిన వాటి సంతతే. అందులో ఒక అరుదైన రంగు అంటే ఇంకా చిన్న కుటుంబం. దాంట్లోనే మళ్లీ అన్నాచెల్లెళ్లని కడితే రంగు జీన్‌తో పాటు దాక్కుని ఉన్న చెడ్డ జీన్‌లు కూడా జంటగా బయటపడతాయి. మేనరికం గురించి డాక్టర్లు మన ఇళ్లలో ఏం చెబుతారో ఇక్కడా అంతే, పైగా పిట్టల్లో ఏడాదికో తరం గడిచిపోతుంది కాబట్టి నష్టం మన కళ్ల ముందే కనపడుతుంది.

మరి ఏం చెయ్యాలి? మంచి సైజున్న, చుట్టరికం లేని గ్రే పిట్టని తెచ్చి విజువల్‌కి కట్టండి. పిల్లలన్నీ గ్రేగానే ఉంటాయి, అన్నీ స్ప్లిట్‌లే, ఒక్కదాని మీద కూడా అనుమానం అక్కర్లేదు. ఆ స్ప్లిట్‌లలో బలమైనవి ఏరి ఇంకో కుటుంబం నుంచి వచ్చిన విజువల్‌కి కట్టండి. సగం విజువల్, సగం స్ప్లిట్. ఈ విజువల్స్‌ని, ఆ ప్యూర్ జత పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చెప్పక్కర్లేదు, తలకాయ దగ్గరే తెలిసిపోతుంది. స్ప్లిట్‌కి స్ప్లిట్‌ని మాత్రం కట్టకండి, నాలుగింట ఒకటే విజువల్ వస్తుంది, మిగతా మూడు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వాటిలో రెండు స్ప్లిట్, మిగతా ఒకటి స్ప్లిట్ కాదు, ఏది ఏదో పైకి తెలీదు. అవే తర్వాత "పాజిబుల్ స్ప్లిట్" అని చేతులు మారుతుంటాయి.

"ఒక తరం అంతా గ్రే పిల్లలే అంటే ఎవరు కొంటారు అన్నా" అంటారు. ఆ గ్రేల్ని అమ్మడానికి కాదు తియ్యడం. గ్రే పిట్ట వేస్ట్ అనేది ఇంకో పెద్ద అపోహ, దానికి వేరే హెడ్డింగ్ పెట్టను. మంచి గ్రే లేని చోట మంచి మ్యుటేషన్ ఉండదు.

అపోహ: ఫాన్ (లేత గోధుమ రంగు) స్ప్లిట్ ఆడపిట్ట, సీఎఫ్‌డబ్ల్యూ (చెస్ట్‌నట్ ఫ్లాంక్డ్ వైట్ అనే తెల్లటి రకం) స్ప్లిట్ ఆడపిట్ట ఉంటాయి, రేటు కొంచెం ఎక్కువ.

వాస్తవం: ఉండవు. ఆడా మగా తేల్చే క్రోమోజోములు పక్షుల్లో జెడ్, డబ్ల్యూ. మగదానికి జెడ్ రెండుంటాయి, ఆడదానికి జెడ్ ఒకటే ఉంటుంది, రెండోది డబ్ల్యూ. ఫాన్, సీఎఫ్‌డబ్ల్యూ, లైట్‌బ్యాక్ (వీపు లేత రంగుది) జీన్‌లు ఆ జెడ్ మీదే ఉంటాయి. ఆడపిట్టలో అది ఉంటే రంగు కనిపిస్తుంది, కనిపించలేదంటే లేదు. దాచుకునే వీలే లేదు. మగపిట్టలోనే స్ప్లిట్ ఉంటుంది. గౌల్డియన్ ఎల్లో కూడా జెడ్ మీదదే, కాబట్టి ఆడపిట్టలో ఆ జీన్ ఉంటే ఎల్లో, లేకపోతే గ్రీన్. వైట్, పైడ్, పెంగ్విన్ లాంటి వాటికి మాత్రం ఆడపిట్ట కూడా స్ప్లిట్ కావచ్చు, ఆ రెండూ కలిపెయ్యకండి. ఒక మంచి సంగతి ఏంటంటే ఫాన్ మగపిట్టకి గ్రే ఆడపిట్టని కడితే ఆడపిల్లలన్నీ ఫాన్, మగపిల్లలన్నీ గ్రే స్ప్లిట్. రంగు చూసి ఆడా మగా చెప్పేయొచ్చు, ముక్కు ఎర్రబడే దాకా ఆగక్కర్లేదు.

అపోహ: రెండు వేరే రంగుల పిట్టలకి గ్రే పిల్లలు పుట్టాయంటే మనల్ని మోసం చేశారు.

వాస్తవం: ఇది చాలా చోట్ల గొడవల దాకా వెళ్లింది. పెంగ్విన్‌కి బ్లాక్ బ్రెస్టెడ్‌ని కడితే అన్నీ గ్రేలే వస్తాయి, ఎందుకంటే అవి రెండు వేరే జీన్‌లు, ఒకదాని లోటు ఇంకొకటి తీర్చేస్తుంది. ఆ గ్రేలు రెండిటికీ స్ప్లిట్. వాటిలో వాటిని కడితే రెండు రంగులూ కలిసిన పిల్ల 16లో 1 వస్తుంది, అదీ సగటున. ఫాన్ మగపిట్టకి సీఎఫ్‌డబ్ల్యూ ఆడపిట్టని కట్టినా మగపిల్లలు గ్రే, ఆడపిల్లలు ఫాన్. ఇందులో మోసం ఏమీ లేదు. ఒక పెద్దాయన ఇదే విషయంలో పాత స్నేహితుడితో మాటలు మానేశారు. ఇద్దర్నీ మా ఇంట్లో కూర్చోబెట్టి కాగితం మీద గీసి చూపిస్తే అప్పుడు టీ తాగారు.

మోసం కాకుండా గందరగోళం జరిగేది కాలనీ పంజరంలో. పది జతల్ని ఒకే దాంట్లో వదిలి ఫలానా దాని పిల్ల ఇది అని చెప్పడం కుదరదు. జీబ్రా ఆడపిట్టలు పక్క ముంతలో గుడ్డు పెట్టేస్తాయి, పక్క మగపిట్టతో కలుస్తాయి. పైగా మగపిట్టని తీసేసినా దాదాపు రెండు వారాల దాకా దాని వీర్యం ఆడపిట్ట లోపల నిలిచి ఉంటుంది. కాబట్టి కాలనీ నుంచి తెచ్చిన ఆడపిట్టని మూడు వారాలు విడిగా ఉంచి అప్పుడు జత కట్టండి. ఒక పంజరం, ఒక జత. పిల్ల వారం రోజుల వయసులో ఉండగా కాలికి రింగు వెయ్యండి, నోట్‌బుక్‌లో రాయండి. గుర్తుంటుందిలే అనుకుంటే గుర్తుండదు.

అపోహ: మేత మారిస్తే రంగు మారుతుంది.

జీబ్రా ఈకల్లో ఉన్న నలుపు, గోధుమ రంగులు మెలనిన్, క్యారెట్ పెట్టినా కలర్ ఫుడ్ పెట్టినా అవి మారవు. ముక్కు ఎరుపు మాత్రం మేతని బట్టి కొంచెం తగ్గుతుంది, పెరుగుతుంది. బ్లూ గౌల్డియన్ ఈకల్లో పసుపు, ఎరుపు రంగు పదార్థమే ఉండదు కాబట్టి దాని తల ఎర్రబడాలని చూస్తూ కూర్చోవద్దు. కొర్రలు, సామలు, కటిల్ బోన్ (కాల్షియం కోసం పెట్టేది), పిల్లలున్నప్పుడు ఉడికించిన గుడ్డు, ఇవి ఇవ్వండి చాలు.

అపోహ: చెయ్యి తగిలితే తల్లి గుడ్లు వదిలేస్తుంది.

వదలదు. ఊరికే గంటకోసారి ముంతలోకి తొంగి చూస్తే మాత్రం బెదిరి లేచిపోతుంది. టెన్షన్ పడకుండా రోజుకి ఒకసారి, తల్లి మేతకి దిగినప్పుడు చూడండి.

అపోహ: మూడు నెలలకే గుడ్లు పెడుతుంది కదా, జత కట్టెయ్యొచ్చు.

పెడుతుంది, అందుకే ఆపాలి. ఆరు నెలలు కనీసం, ఆడపిట్టకి తొమ్మిది నెలలైతే నాకు నిశ్చింత. చిన్న వయసులో గుడ్డు అడ్డం పడి పోయే ఆడపిట్టలు ఎక్కువ. ఏడాదికి రెండు మూడు విడతలు తీసి ముంత తీసేసి ఆడా మగా విడదియ్యండి. మన మే నెల ఎండల్లో అసలే వద్దు, ఆ వేడికి గుడ్లూ పోతాయి, తల్లీ పోతుంది. రేటున్న రంగు కదా అని వరసగా పెట్టించి ఏడాదికే ఆడపిట్టని పోగొట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

అపోహ: సంతలో అమ్మే ఆకుపచ్చ, గులాబీ రంగు చిన్న పిట్టలు కొత్త మ్యుటేషన్.

వాస్తవం: అవి రంగు పూసిన మునియాలు. మన పొలాల్లో తిరిగే పిట్టల్ని వలేసి పట్టి, రంగు నీళ్లలో ముంచి, ఫించ్ అని అంటగడతారు. ఈకలు రాలి కొత్తవి వస్తే అసలు రంగు బయటపడుతుంది, అంత దాకా బతికితే. రెక్క విప్పి చూడండి, ఈకల మొదట్లో గోధుమ రంగు కనిపిస్తుంది, కాళ్ల మీద, ముక్కు చుట్టూ రంగు మరకలుంటాయి. మన మునియాల్ని పట్టడం, అమ్మడం, కొనడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జాలిపడి కూడా కొనకండి, మీరు కొన్న ఒక్కదాని బదులు ఇంకో గుంపుకి వల పడుతుంది. అటవీ శాఖకి ఫోన్ చెయ్యండి.

కొనేటప్పుడు తల్లిదండ్రుల్ని చూపించమని అడగండి, జతలో రెండూ ఒకే గూటివా అని సూటిగా అడగండి. "ప్యూర్ కావాలంటే అలాగే ఉండాలి" అని ఎవరైనా అంటే మగపిట్టని అక్కడ, ఆడపిట్టని వేరే వాళ్ల దగ్గర తీసుకోండి. ఇప్పటికే ఇంట్లో రెండు కొప్పు పిట్టల జత ఉన్నవాళ్లు కంగారు పడకండి, అవి పాడైపోయిన పిట్టలేమీ కావు. విడదీసి, చెరొక దానికి మామూలు తల గ్రేని కట్టండి.